రెండు రేకుల మధ్య దూరం

ఫిబ్రవరి 9

కొలతలమ్మకి,

లేతు మిషను ఆపి, చేతులకున్న గ్రీజు తుడుచుకుని రాస్తున్నాను. అయినా కాగితం మూల ఒక వేలిముద్ర పడింది. దాన్ని నా సంతకం అనుకో.

నువ్వడిగిన రింగులు రెండూ ఈ పెట్టెలో ఉన్నాయి. ఒక్కోదాన్ని విడివిడిగా పాత బనీను గుడ్డలో చుట్టాను. పోస్టాఫీసులో గుమాస్తా పెట్టె ఊపి, "ఏముందండీ ఇందులో?" అన్నట్టు చూశాడు. "మా మేనకోడలి పరమాణువులకి గాజులు" అన్నాను. ఆయన నవ్వలేదు. ఈ మధ్య నా జోకులకి ఎవరూ నవ్వడం లేదు. లేదా నవ్వుతున్నారేమో, నాకే వినపడటం లేదు.

నీ డ్రాయింగ్ గోడకి అంటించుకుని వారం రోజులు చూశాను. అరచేతిలో పట్టే రింగు, దాని అంచు మీద పల్చటి రేకు సాగదీసి బిగించాలి, అంచు చుట్టూతా ఒకే ఎత్తులో ఉండాలి. ఇంతవరకూ బాగానే ఉంది. కానీ "అంచు పదునుగా ఉంచాలి" అని ఎర్ర సిరాతో రాసి, కింద రెండు గీతలు కూడా గీశావు. నలభై రెండేళ్ళుగా లేతు తిప్పుతున్నవాడికి గీతలు గీసి మరీ చెబుతావా అని కాస్త ఒళ్ళు మండింది. తర్వాత నీ చేతిరాత చూసి చల్లబడ్డాను.

మీ అమ్మ, మీ అత్తయ్య ఉన్న రోజుల్లో నీ సంగతులన్నీ నా చెవి దగ్గర అరిచి చెప్పేవాళ్ళు. ఇప్పుడు అరిచేవాళ్ళు లేరు. ఫోను మాత్రం చేయకు. అందులో నాకు హోరు తప్ప ఇంకేమీ తెలియదు. రింగులు సరిపోయాయో లేదో కాగితం మీదే చెప్పు.

షట్టరు దించే వేళయింది,
మామయ్య


మార్చి 2

మామయ్యా,

పరమాణువుల గాజులు క్షేమంగా చేరాయి. చూసి మురిసిపోయాను. అద్దంలా ఉన్నాయి, నా ముక్కు కనపడింది.

ఇవి దేనికో ఈసారైనా అర్థమయ్యేలా రాస్తాను. ఒక రింగు మీద బిగించిన రేకుని కణాల ధార వచ్చి కొడుతుంది. ఆ దెబ్బకి కొత్త కేంద్రకాలు పుట్టి, రేకులోంచి ఎగిరి బయటికి వస్తాయి. పుట్టేటప్పుడే ఒక ఉత్తేజంతో పుడతాయి. కాసేపటికి ఆ ఉత్తేజాన్ని ఒక కిరణంగా వదిలేసి నెమ్మదిస్తాయి. ఆ "కాసేపు" ఎంతసేపన్నదే నా ఉద్యోగం. సెకనుని లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో రెండో, మూడో ముక్కలు.

అంత చిన్న సమయానికి గడియారం లేదు. అందుకని దూరంతో కొలుస్తాం. రెండో రింగు మీద ఇంకో రేకు బిగించి ఎదురుగా పెడతాం. ఎగిరొచ్చిన కేంద్రకం అందులో గుచ్చుకుని ఆగిపోతుంది. వస్తున్న రైలు కూత ఒకలా, ఆగిన రైలు కూత ఇంకోలా వినపడుతుంది కదా, అలాగే దారిలో వదిలిన కిరణానికీ ఆగాక వదిలిన కిరణానికీ తేడా ఉంటుంది. రేకుల మధ్య దూరం మారుస్తూ, ఏ రకం కిరణాలు ఎన్ని వచ్చాయో లెక్కేస్తే సమయం తెలుస్తుంది. కేంద్రకం కోడిగుడ్డులా సాగి ఉంటే తొందరగా నెమ్మదిస్తుంది, నిమ్మకాయలా గుండ్రంగా ఉంటే ఆలస్యం చేస్తుంది. కంటికి ఎప్పటికీ కనపడని దాని ఆకారం ఇలా పట్టుకుంటాం.

రేకు బిగించేది నేనే. తొడుగులు వేసుకుంటే ముడత చేతికి తెలియదు కాబట్టి ఉత్త వేళ్ళతో బిగిస్తాను. ఇక్కడి పాత రింగులతో వేళ్ళ నిండా గాట్లు పడేవి. నీ రింగులతో ఒక్కసారి కూడా తెగలేదు. నీ చేతి మహిమ ఏమిటో గానీ!

ఇక్కడ గోడలు రెండు గజాల మందం. లోపల యంత్రం తిరుగుతుంటే బయట ఎర్రదీపం వెలుగుతుంది, మేము దాన్ని చూస్తూ కూర్చుంటాం. కిరణాల్ని పట్టే డిటెక్టర్లు చూసుకునేవాడు ఒకాయన ఉన్నాడు. బక్కగా ఉంటాడని మనసులో "బక్కాయన" అని పిలుచుకుంటాను. మధ్యాహ్నం ఇద్దరం క్యాంటీనులో కిటికీ పక్క బల్ల దగ్గర తింటాం. రోజుకి ఓ ఇరవై మాటలు మాట్లాడతాడు. నాతో ఇక్కడ ఎవరైనా మాట్లాడారంటే ఆ ఇరవై మాటలే.

ఇంకో జత రింగులు, కాస్త పెద్దవి, చేయగలవా? డ్రాయింగ్ ఇందులోనే పెట్టాను. తొందరేమీ లేదు.

వేళ్ళు పదీ భద్రంగా ఉన్న
నీ మేనకోడలు


మార్చి 20

కొలతలమ్మకి,

నీ ఉత్తరం ఐదుసార్లు చదివాను. ఐదోసారి అర్థమైంది. పక్క షాపు వెల్డింగాయనకి చెబితే, "చూడలేని దాని ఆకారం తెలుసుకుని ఏం చేస్తారు?" అని కాగితం మీద రాసి అడిగాడు. అలా అడగకూడదన్నాను. అడగొచ్చా? నువ్వు చెబితే రేపు ఆయనకి జవాబిస్తాను.

వేళ్ళు తెగలేదన్నావు. ఆ మాట దగ్గర కాసేపు ఆగాను. సంతోషం.

ఈ బక్కాయన ఎవరు? ఇరవై మాటలని లెక్కపెట్టుకున్నావంటే నాకు వేరే లెక్కలు తోస్తున్నాయి. ఆ ఇరవైలో నీ పేరు ఎన్నిసార్లు వస్తుందో కూడా లెక్కపెట్టి రాయి. కోప్పడకు. మీ అత్తయ్య ఉంటే ఈపాటికి ఆయన పుట్టుపూర్వోత్తరాలు లాగి ఉండేది. ఆవిడ పని నా నెత్తిన పడింది, నాకేమో చేతకాదు.

ఇక్కడ మూడు మిషన్లలో రెండింటికి గోనెపట్టా కప్పేశాను. అందరూ రెడీగా దొరికే సామాను కొనుక్కుంటున్నారు. నీ డ్రాయింగ్ రావడంతో రేపు పొద్దున్న షాపు తెరవడానికి ఒక కారణం దొరికింది. పెద్ద రింగులు పదిహేను రోజుల్లో పంపుతాను.

చెవులు పోయినా కళ్ళున్న
మామయ్య


జూన్ 11

మామయ్యా,

రెండు! లక్ష కోట్ల ముక్కల్లో రెండే. మూడున్నర దాకా వస్తుందని అందరూ అనుకున్నారు. ఈ కేంద్రకం గుండ్రంగా ఉంటుందని పుస్తకాల్లో రాసేసి కూర్చున్నారు. కాదు మామయ్యా, సాగి ఉంది. కోడిగుడ్డు కంటే పొడుగు. ఇదిగో, కింద బొమ్మ గీశాను.

మా ప్రొఫెసరు కాగితాలు రెండుసార్లు తిప్పి చూసి, "ఇది అచ్చయితే నీ ఉద్యోగం పర్మనెంటు" అన్నాడు. ఇన్నేళ్ళూ ఏడాదికోసారి కాగితం పొడిగిస్తూ వచ్చారు. ఇక ఆ గోల ఉండదు.

గదికి వచ్చాను. ఎవరికి చెప్పాలో తోచలేదు. గోడ గడియారం వైపు చూసి పైకే చెప్పాను. తర్వాత సిగ్గేసి కిటికీ మూసేశాను. అందుకే నీకు రాస్తున్నాను.

బక్కాయన గురించి నీ లెక్కలన్నీ తప్పు. ఆయనకి పెళ్ళయి ఇద్దరు పిల్లలు. క్యాంటీనులో ఎదురుగా కూర్చునే మనిషి, అంతే. ఆ అంతే నాకు చాలు.

గాల్లో తేలుతున్న
నీ మేనకోడలు


జూన్ 28

కొలతలమ్మకి,

నేను చేసిన రింగు మీద కొత్త ఆకారం తేలిందా! బొమ్మ కత్తిరించి లేతు మీద గోడకి అంటించాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను. వచ్చేది ఇద్దరే అనుకో. వెల్డింగాయన "సొరకాయా?" అన్నట్టు చేతులతో చూపించాడు. అజ్ఞాని.

పెద్ద రింగులు పంపి రెండు నెలలు దాటింది. వాటి గురించి ఒక్క ముక్క రాయలేదు. బాగోలేవా? బాగోకపోతే మొహమాటం లేకుండా చెప్పు, మళ్ళీ చేస్తాను. చేసే తీరిక నాకు బోలెడుంది.

మామయ్య


సెప్టెంబర్ 3

మామయ్యా,

జవాబు ఆలస్యమైంది. ఏం రాయాలో తెలియక రెండు ఉత్తరాలు రాసి చించేశాను.

వేరే లాబ్ వాళ్ళు వాళ్ళ పద్ధతిలో ఇదే కేంద్రకాన్ని కొలిచారు. వాళ్ళకి మూడున్నర వచ్చింది. నాది తప్పో వాళ్ళది తప్పో తేలాలి. మొదటి రింగుని మైక్రోస్కోపు కింద పెట్టి చూశాను. అంచు ఒక పక్క మొద్దుబారి ఉంది. రేకు అక్కడ సరిగ్గా సాగదు, రవ్వంత ముడత లేస్తుంది. రేకులు రెండూ దగ్గరికి జరిపి, తాకాయని మీటరు చెప్పిన చోటుని మేము సున్నా అనుకుంటాం. ముడత ముందే తాకేస్తే, ధార తగిలే నడిమధ్యలో ఇంకా సందు ఉండిపోతుంది. వెంట్రుక మందంలో ఆరో వంతు సందు చాలు, మూడున్నర కాస్తా రెండుగా కనపడటానికి. దూరంగా జరిపి చూసినప్పుడు కిరణాలు మరీ తక్కువ వచ్చాయి, లెక్క భారమంతా ఆ దగ్గరి దూరాల మీదే పడింది.

ప్రయోగం అయ్యాక రింగు శుభ్రం చేసింది బక్కాయన. అప్పుడు గరుకు కాగితంతో రుద్దేసి ఉంటే, ప్రయోగం నాటికి అంచు బాగున్నట్టే, నా కొలత నిలబడుతుంది. మొదటి నుంచీ అలాగే ఉంటే నిలబడదు. సంగతి ఇంతే.

అందుకని అడుగుతున్నాను. నువ్వు పంపేటప్పుడు అంచు చుట్టూ పదునుగానే ఉందా? చేసేటప్పుడు చెయ్యి ఏమైనా వణికిందా? నీ ఒంట్లో బాగానే ఉంటోందా?

నీ మేనకోడలు


సెప్టెంబర్ 15

నీ ఉత్తరం అందింది.

నా చెయ్యి వణకదు. నలభై రెండేళ్ళలో నా షాపు నుంచి పోయిన సరుకు ఒక్కటి కూడా తిరిగి రాలేదు. నేను పంపినప్పుడు అంచు పదునుగానే ఉంది. ఒంట్లో బాగానే ఉంది.

మామయ్య


సెప్టెంబర్ 30

మామయ్యా,

నీ నాలుగు ముక్కల ఉత్తరం చూసి తల కొట్టేసినట్టయింది. నిన్ను అనుమానించినందుకు నన్ను నేను తిట్టుకున్నాను. క్షమించు. చెయ్యి వణికిందా అని అడిగింది రింగు కోసం కాదు. నీ ఒంటి సంగతి ఎలా అడగాలో తెలియక అలా అడిగాను. నాకు మాటలు చేతకావు, నీకు తెలుసు.

నీ మాట మీద నిలబడి మీటింగులో చెప్పేశాను. రింగు మంచిదేనని, శుభ్రం చేసేటప్పుడు పాడైందని. "ఎవరు శుభ్రం చేశారు?" అని ప్రొఫెసరు అడిగాడు. అందరూ బక్కాయన వైపు చూశారు. ఆయన "నేను మెత్తటి గుడ్డతో తుడిచానండీ, అంతే" అన్నాడు. నేను ఊరుకోవాల్సింది. "గుడ్డతో తుడిస్తే ఉక్కు అరుగుతుందా?" అన్నాను. కొందరు నవ్వారు. ఆయన నవ్వలేదు, కోప్పడనూ లేదు. తన పుస్తకం మూసుకున్నాడు.

మర్నాటి నుంచి వేరే బల్ల దగ్గర తింటున్నాడు. నేను కిటికీ పక్కనే కూర్చుంటున్నాను. నిన్న సాయంత్రం గదికి వచ్చి తాళం తీస్తుంటే గుర్తొచ్చింది, ఆ రోజంతా నేను నోరు విప్పలేదని. గొంతు ఉందో లేదో చూసుకుందామని ఒక అంకె పైకి చదివాను.

ఈ కొలత మీద రాసిన పేపరు అక్టోబర్ ఇరవైన అచ్చుకి పంపిస్తున్నాం. అచ్చయ్యాక ఒక కాపీ నీకు పంపుతాను. ఇంకో చిన్న డ్రాయింగ్ ఇందులో పెట్టాను. నీకు కోపం తగ్గాకే చెయ్యి.

నీ మేనకోడలు


అక్టోబర్ 8

అమ్మా,

పేపరు ఆపు. ఈ ఉత్తరం చదవడం తర్వాత. ముందు వెళ్ళి ఆపి రా.

ఆపావా? అయితే చదువు.

అంచు మొద్దు చేసింది నేనే. డ్రాయింగ్‌లో చెప్పినట్టు పదునుగానే కోశాను. కొలతలన్నీ సరిపోయాయి. చివర్లో బొటనవేలితో అంచు తడిమి చూశాను. వేలు తెగింది. బ్లేడుతో కోసినట్టు సన్నగా, లోతుగా. గుడ్డ చుట్టుకుంటుంటే నువ్వు కళ్ళ ముందు మెదిలావు. దీని మీద రేకు బిగించేది నువ్వేనేమో, ఉత్త చేతులతో బిగిస్తావేమో అనుకున్నాను. ఆకురాయి తీసుకుని అంచు చుట్టూ ఒక్కసారి తిప్పాను. మా పనిలో అది మర్యాద. ఏ వస్తువైనా ఒకరి చేతికి ఇచ్చే ముందు అంచున పదును తీసి ఇస్తాం. చేత్తో రాస్తే చుట్టూ ఒకేలా పోదు. ఒక పక్క ఎక్కువ పోయి ఉంటుంది. పెద్ద రింగులకీ అలాగే చేశాను.

నువ్వు ఎర్ర సిరాతో రాసింది చదవక కాదు. చదివాను. ఇంత రవ్వకి ఏమవుతుందిలే అనుకున్నాను. వెంట్రుకలో ఆరో వంతు అంటే ఎంతో నాకంటే బాగా తెలిసినవాడు ఈ వీధిలో లేడు. అయినా అలా అనుకున్నాను.

సెప్టెంబరు మొదట్లో నువ్వు రాసిన ఉత్తరం చదువుతుండగానే నాకు తెలిసిపోయింది. అప్పుడే నిజం రాయాల్సింది. పరువు కోసం అబద్ధమాడానని నువ్వనుకుంటావు. అదీ కొంత ఉంది. కానీ అసలు సంగతి అది కాదు. నా రింగులు పనికిరావని తెలిస్తే నీకు నాతో పనుండదు. పని లేనిదే అంత దూరం నుంచి ఈ చెవిటివాడికి ఎవరు రాస్తారు? వారానికోసారి షట్టరు కింద నుంచి తోసే కవర్లలో నీ రాత ఉందా అని వంగి చూసుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు పోతుందని భయపడ్డాను. భయపడి, ఏ పాపమూ తెలియని మనిషిని నీ చేత నలుగురిలో మాట అనిపించాను.

ఆయన దగ్గరికి వెళ్ళు. మా మామయ్య అబద్ధం చెప్పాడని చెప్పు. నన్ను కాపాడకు.

నువ్వు పంపిన డ్రాయింగ్ తిరిగి పంపుతున్నాను. పదును ఉంచమంటే ఉంచలేనివాడికి ఇంకో పని ఇవ్వకు.

మామయ్య


నవంబర్ 14

మామయ్యా,

పేపరు ఆపాను. ఇక్కడ కొత్త రింగులు చేయించి ధార మళ్ళీ వేయించుకుని కొలిచాను. మూడున్నర. కాస్త నొక్కిన నిమ్మకాయ, అంతకంటే ఏమీ లేదు. పుస్తకాల్లో రాసిందే నిజం. నిజమే అయినా వార్త కాదు కాబట్టి ఎవరూ పెద్దగా వేసుకోరు. ఉద్యోగం వేరేవాళ్ళకి వెళ్ళింది. నాకు ఇంకో ఏడాదికి కాగితం ఇచ్చారు. ఏడుపు వచ్చింది, ఏడ్చాను, అయిపోయింది. తప్పు కొలత మీద కుర్చీ వేసుకుని కూర్చుంటే జీవితాంతం కదిలిపోతూ ఉండేదాన్ని.

బక్కాయన దగ్గరికి వెళ్ళాను. నువ్వు చెప్పమన్నట్టే చెప్పాను, నేను అన్న మాటకి నా వంతు తప్పు కూడా కలిపి. అంతా విని "సరేనండీ" అన్నాడు. ఆకురాయి సంగతి చెప్పినప్పుడు మాత్రం నా వేళ్ళ వైపు ఒకసారి చూశాడు. ఇంకా వేరే బల్ల దగ్గరే తింటున్నాడు. మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. అడగలేను.

నీ మీద కోపం వచ్చింది. లేదని రాయను. నాలుగు రోజులు ఉంది. ఐదో రోజు నీ ఉత్తరం మళ్ళీ తీసి, పని లేనిదే ఎవరు రాస్తారు అన్న చోటు చదివాను. ఇక నేను కూడా ఒకటి ఒప్పుకోవాలి.

మా లాబ్‌లో వర్క్‌షాపు ఉంది మామయ్యా. మొదటి నుంచీ ఉంది. మా మెట్ల కిందే. ఆరు లేతులు, ఎనిమిది మంది మనుషులు. రింగులు ఎప్పుడూ అక్కడే చేస్తారు, ఈసారీ అక్కడే చేశారు. నేను అడిగితే వారంలో చేసి ఇచ్చేవాళ్ళు. నీకెందుకు పంపుతున్నానని మా ప్రొఫెసరు అడిగితే, ఇంత నున్నగా వీళ్ళకి రాదని అబద్ధం చెప్పాను. మీ ఇంట్లో మీ అమ్మాయిలా పెరిగినా నీకు ఊరికే ఉత్తరం రాయడం నాకు చేతకాలేదు. ఎలా ఉన్నావని రాస్తే బాగున్నానని రెండు ముక్కలు రాసి ఊరుకుంటావు. డ్రాయింగ్ పంపితే నాలుగు పేజీలు రాస్తావు. అందుకని డ్రాయింగులు పంపాను. పెద్ద రింగులకి మా దగ్గర యంత్రమే లేదు. అవి దేనికీ పట్టవు. అవి బాగోలేవా అని నువ్వు అడిగితే జవాబు రాయలేకపోయింది అందుకే. నువ్వు తిప్పి పంపిన ఆ చివరి డ్రాయింగు కూడా అంతే, ఒక ఆదివారం కూర్చుని ఊరికే గీశాను.

నీ ఆకురాయి ఒక్కటే కాదు మామయ్యా, ఆ సందు పెట్టినవాళ్ళం ఇద్దరం.

ఈ కవరులో డ్రాయింగ్ ఏమీ లేదు, వెతక్కు. నీకు చెప్పడానికి నా దగ్గర పనేమీ లేదు. ఇవాళ పొద్దున్న లేచాక ఏం చేశావో రాయి.

నీ మేనకోడలు